మూడా, ముగ్గురా

రాతల మేస్త్రికి చూపు అందరికీ పోయినట్టు పోలేదు. నట్టనడుమ నుంచి పోయింది.

ముప్పై రెండేళ్ళు దుకాణాల బోర్డులు రాసిన మనిషి. దారం పట్టకుండా, స్కేలు ఆనించకుండా, నిచ్చెన మీద నిలబడి మూడు గజాల గీత గీస్తే అది నిలిచిన నీళ్ళంత సమంగా ఉండేదని చెప్పుకునేవారు. అలాంటివాడు ఒకనాడు మందుల షాపు బోర్డు రాసి కిందికి దిగితే షాపతను తల గోక్కుంటూ, "మేస్త్రీ, అక్షరాలు మెట్లు దిగుతున్నాయేంటి?" అన్నాడు. గోడే వంకరగా ఉందని మేస్త్రి వాదించాడు. వంకర గోడది కాదు. కంటి వెనక పొరలో మధ్యభాగం కొంచెం కొంచెంగా చచ్చిపోతోందని ఆ వారమే తేలింది.

ఐదేళ్ళు గడిచేసరికి ఎవరి ముఖం వైపు చూసినా ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు పొగ మిగిలింది. చుట్టూ భుజాలు, జుట్టు, వెనకాల కిటికీ, అన్నీ ఉండేవి. మనిషే ఉండేవాడు కాదు.

విచిత్రమేమిటంటే, ఆ పొగ ఊరికే ఉండేది కాదు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే అందులో నీలం పూల తీగలు అల్లుకునేవి. ఒక్కోరోజు ఇటుక గోడ లేచేది, ప్రతి ఇటుకా వేరు వేరు రంగులో. ఇంకోరోజు ఏ భాషవో తెలియని అక్షరాలు, ఎంతో అందంగా, వంపులు వంపులుగా తేలిపోతూ కనబడేవి. చదవబోతే జారిపోయేవి. "మెదడుకి ఖాళీ నచ్చదు మేస్త్రీ. కన్ను ఏమీ పంపకపోతే అదే ఏదో ఒకటి గీసుకుంటుంది. భయపడకండి," అంది కళ్ళ డాక్టరమ్మ. మేస్త్రి భయపడలేదు సరికదా, ఎవరికీ చెప్పకుండా వాటికి అలవాటుపడ్డాడు. బొమ్మలు గీసే పని చేతుల నుంచి పోయి తలలోకి వచ్చిందనుకున్నాడు.

ఒక్క అక్కకి మాత్రం చెప్పాడు. అక్క అదే ఇంట్లో మేడమీద ఉండేది. తమ్ముడికన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి మంచంపట్టినప్పుడు అతన్ని చంకనేసుకుని పెంచింది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డులో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి దిగిపోయింది. రోజూ పొద్దున టీ గ్లాసుతో కిందికొచ్చి తమ్ముడికి పేపరు చదివి వినిపించడం ఆమె పని. చదవడమంటే మామూలు చదవడం కాదు, రాసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి కడిగేస్తున్నట్టు చదివేది.

ఆ పొద్దున కూడా అలాగే మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించింది. సంతాన కేంద్రాల్లో దంపతులు వాడుకోగా మిగిలిపోయిన పిండాలను పరిశోధనకి వాడుకోవచ్చా, కూడదా అని తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసిందట. ఊరూరా తిరిగి జనం మాట వింటారట. వచ్చే నెల ఇక్కడికే వస్తున్నారు.

"ఆ సంగతి నాకు తెలుసు. డాక్టరమ్మ నన్ను మాట్లాడమంది," అన్నాడు మేస్త్రి.

పేపరు మడతపడిన చప్పుడు వినబడింది.

డాక్టరమ్మ అతనికి విషయమంతా విడమరిచి చెప్పింది. ఐదు రోజుల పిండం ఇసుక రేణువంత కూడా ఉండదు. అందులో ఉండే మూలకణాలు ఇంకా ఏమవ్వాలో తేల్చుకోనివి. గుండె అవగలవు, ఎముక అవగలవు, కంటి వెనక పొరా అవగలవు. అలా పెంచిన పొరను మేస్త్రి లాంటివాళ్ళ కంట్లో వేసి చూడాలని ఒక ప్రయత్నం. ఆ కణాలు కూడా కొత్తవి కావు, పన్నెండేళ్ళ కింద ఎక్కడో ఎవరో దంపతులు ఇచ్చిన ఒకే ఒక్క పిండం నుంచి పెంచుకుంటూ వస్తున్నవి. కానీ చట్టం ఔనంటే తప్ప ఇక్కడ ఎవరి కంటికీ సూది పడదు.

"నీ కంటికి నా కళ్ళు పీకిమ్మను, ఇప్పుడే ఇస్తాను," అంది అక్క. "ఇంకో ప్రాణం తీసి వేస్తామంటే మాత్రం నేను ఊరుకోను."

"ప్రాణమేంటక్కా, ఇసుక రేణువంత లేదంటే!"

"నువ్వూ అంతే ఉండేవాడివి ఒకప్పుడు."

"అప్పుడు నాకేం తెలుసు?"

"ఇప్పుడు మాత్రం ఏం తెలిసి ఏడ్చింది? నేనూ మాట్లాడతాను. నా పేరూ రాయించు."

అలా అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే సభలో చెరోవైపు మాట్లాడటం ఖాయమైంది. పేపరు చదవడం మాత్రం మానలేదు. పిండాల వార్తలు వచ్చిన పేజీని ఆమె తిప్పేసేది, అతను అడిగేవాడు కాదు.

మేస్త్రికి ఒక్కగానొక్క కూతురు. ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. శనివారాలు మేస్త్రి మనవరాలితో పాటు అక్కడికి వెళ్ళి గట్టుమీద బెంచీలో కూర్చునేవాడు. నాలుగేళ్ళ ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు, కుదురుగా ఒకచోట వాలదు కనుక. పైన అద్దాల కప్పు, కింద నీలం నీళ్ళు. వెలుగు నీళ్ళమీద పడి గోడలమీద, కప్పుమీద, జనం ఒంటిమీద వలలా ఊగేది. మేస్త్రికి ఆ చోటంటే ఎంతో ఇష్టం. అక్కడ చూపున్నవాళ్ళకీ అన్నీ కదులుతూ, కరుగుతూనే కనబడతాయి.

సభకి వారం ముందు, పాఠం అయిపోయాక, కూతురు తడి కాళ్ళతో వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, నీకొకటి చెప్పాలి. పిచ్చుక పుట్టినప్పటివి ఇంకా ఉన్నాయి."

"ఏవమ్మా?"

"పిండాలు. మూడు. కేంద్రంలో, మంచులో."

కూతురు పెళ్ళైన ఏడేళ్ళకి టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో పిచ్చుకను కన్నదని మేస్త్రికి తెలుసు. కాన్పులో రక్తం ఆగక గర్భసంచి తీసేశారనీ తెలుసు. మిగిలినవి ఉంటాయని ఏనాడూ తట్టలేదు.

"ఏటా ఒక కాగితం పంపిస్తారు నాన్నా. నాలుగు గడులుంటాయి. ఇంకో ఏడు ఉంచమంటారా, పిల్లల్లేని వాళ్ళకి ఇస్తారా, పరిశోధనకి ఇస్తారా, కరిగించేయమంటారా. నాలుగేళ్ళుగా మొదటి గడిలోనే గుర్తు పెడుతున్నాను. ఆయన్నడిగితే, మోసిన దానివి నువ్వు, నీ ఇష్టం అంటారు. నా ఇష్టమేంటో నాకే తెలిసి చావట్లేదు."

నీళ్ళలోంచి పిచ్చుక కేక వేసింది, "తాతా, ఇటు చూడు!" అతను అటు తిరిగాడు. పిల్ల ఉండాల్సిన చోట నీలం పూలు విరబూశాయి.

"మీ మేనత్తకి తెలుసా?"

"తెలిస్తే నిద్రపోతుందా?" అంది కూతురు.

సభ రోజు పొద్దుటినుంచీ సన్నగా వాన. అక్క మేస్త్రి చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది, సీటు ఇప్పించింది, మెట్టు వచ్చినప్పుడల్లా "మెట్టు" అని చెబుతూ పురపాలక భవనం దాకా నడిపించింది. తనకి ఎదురు మాట్లాడబోయేవాణ్ణి వేలు పట్టి తీసుకెళ్ళడం చూసి గుమ్మం దగ్గర పేర్లు రాసుకుంటున్న గుమాస్తా, "ఇద్దరూ ఒకే పక్షమాండీ?" అన్నాడు.

"ఒకే ఇల్లు. పక్షాలు వేరు," అంది అక్క.

హాలు పెద్దది. ఎత్తున గాజు కప్పు, దానిమీద వాన ఎవరో గింజలు చల్లుతున్నట్టు. ముందు బల్ల వెనక ఐదుగురు సభ్యులు. మేస్త్రికి కనబడినవి పది చేతులు, ఐదు నీళ్ళ గ్లాసులు. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు. పసుపు దీపం వెలిగితే ముగించాలి, ఎర్రది వెలిగితే ఆపాలి. చక్రాల కుర్చీలో కొడుకును పెట్టుకున్న తల్లి మాట్లాడింది. ఒక మతబోధకుడు మాట్లాడాడు. ఒక లెక్చరరు పద్నాలుగు రోజుల లోపు పిండానికి నొప్పి తెలిసే నరమే పుట్టదని చెప్పాడు. వెనక వరసలోంచి ఎవరో, "నిద్రపోయేవాడికీ నొప్పి తెలీదు, పీక నొక్కేస్తారా?" అని అరిచారు. చప్పట్లు, ఈలలు, బల్లమీద సుత్తి దెబ్బ. మేస్త్రి కళ్ళముందు పొగలో అక్షరాలు గుంపులు గుంపులుగా తేలిపోతున్నాయి. ఈ జనం మాటలే అలా కనబడుతున్నాయేమో అనిపించింది.

అతని వంతు వచ్చింది. దీపాన్ని సూటిగా చూస్తే కనబడదు కాబట్టి ముఖం పక్కకి తిప్పి, కంటి కొసతో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"నేను బోర్డులు రాసేవాణ్ణండి. ఈ ఊళ్ళో మీరు చదివిన బోర్డుల్లో సగం నావే. ఇప్పుడు వాటిని నేను చదవలేను. దానికి నేను ఏడవట్లేదు. నా మనవరాలికి నాలుగేళ్ళు. దాని గొంతు తెలుసు, అరికాళ్ళ చప్పుడు తెలుసు. ముఖం తెలీదు. ఇంట్లో అందరూ నా పోలికేనంటారు. నమ్మకం మీద నమ్ముతున్నాను." ఎవరో నవ్వారు. "ఎలాగూ పారేసేవి, ఒక మనిషికి పనికొస్తే తప్పేంటని నా ప్రశ్న. పెద్దవాళ్ళు మీరే చెప్పాలి."

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి అక్క వెళ్ళింది. మైకు ముందు ఆమె గొంతు పేపరు చదివేటప్పటిలా లేదు.

"నేను ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశాను. ఆరువందల గ్రాముల పిల్లని ఈ చేత్తో పట్టుకున్నాను. నా ఉంగరం ఆ పిల్ల మోచేతి దాకా ఎక్కేది. దక్కదు, వదిలెయ్యమ్మా అన్నారు పెద్ద డాక్టరు. నేను వదల్లేదు. ఆ పిల్ల బతికింది. మీరు చెప్పేది దానికన్నా బాగా చిన్నదని నాకూ తెలుసు. కానీ ఎక్కడ గీత గీస్తారు? ప్రతిసారీ గీత గీసింది పెద్దవాళ్ళే, గీతకి అవతల పడింది చిన్నవాళ్ళే. ఇందాక మాట్లాడినవాడు నా తమ్ముడు. వాడికి చూపు రావాలని నాకన్నా ఎక్కువ కోరుకునేవాళ్ళు ఈ హాల్లో లేరు. అయినా కాదనే అంటున్నాను. ఎంత కష్టంగా అంటున్నానో మీరు రాసుకోండి."

ఆమె వచ్చి కూర్చుంది. మేస్త్రి ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు గుమాస్తా చదివిన తరువాతి వరస సంఖ్యకి లేచినది తన కూతురని మేస్త్రి గొంతు విన్నాకే పోల్చుకున్నాడు. వస్తానని ఎవరికీ చెప్పలేదు.

"ఇందాకటి నుంచీ మీరంతా మాట్లాడుతున్నవాటిలో కొన్ని నావి," అంది. "మా నాన్న లాంటివాళ్ళు 'మూడు' అంటారు. మా అత్త లాంటివాళ్ళకి తెలిస్తే 'ముగ్గురు' అంటారు. నాలుగేళ్ళుగా నేను ఆ మాట పైకి అనాల్సి వచ్చినప్పుడల్లా నోరు తడబడుతోంది. ఒకరోజు మూడు అంటాను, ఒకరోజు ముగ్గురంటాను. మీరు ఏ చట్టం చేసినా నా తడబాటు పోదు. నేనడిగేది ఒకటే. ఆ కాగితంలో గడులు నింపమని పోస్టులో పంపకండి. ఎవరైనా ఒక మనిషి ఎదురుగా కూర్చుని అడిగే ఏర్పాటు చెయ్యండి."

ఎర్ర దీపం వెలగకముందే ఆమె దిగిపోయింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. వాన చప్పుడు మాత్రం పెద్దదైంది.

ముగ్గురూ ఒకే బస్సులో తిరిగొచ్చారు. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తల ఇటు తిప్పకుండానే, "నాలుగేళ్ళు నాకు చెప్పకుండా ఎలా దాచావే?" అంది.

"నీకు చెబితే ముగ్గురికీ పేర్లు పెట్టేస్తావని భయమేసింది అత్తా."

అక్క కాదనలేదు.

ఏడెనిమిది నెలలకి చట్టం వచ్చింది. మిగిలిన పిండాలను, దంపతులిద్దరూ ఎదురుగా కూర్చుని సంతకం పెడితే, పరిశోధనకి ఇవ్వవచ్చు. అమ్మకూడదు, కొనకూడదు. అలా పెంచిన కణాలతో చికిత్స కూడా చేసి చూడవచ్చు. మేస్త్రి పక్షం గెలిచిందన్నారు జనం. గెలిచిన పొద్దున అక్క ఆ వార్తని ఒక్క మాట వదలకుండా చదివి వినిపించి, టీ గ్లాసు తీసుకుని మేడెక్కిపోయింది.

ఆ తరువాతి వారమే కూతురు వచ్చింది.

"నాన్నా, నేను పరిశోధనకి ఇవ్వలేను. ఇచ్చేవాళ్ళకి దణ్ణం పెడతాను. తప్పని కాదు. అక్కడికి ఇస్తే చివరిదాకా పక్కన ఉండనివ్వరు. నాకు పక్కన ఉండాలనుంది. పిల్లల్లేనివాళ్ళకి ఇద్దామంటే, వీధిలో పిచ్చుక పోలిక ఎక్కడ కనబడినా వెంటపడి పోతానని నాకు తెలుసు. అందుకని కరిగించమన్నాను."

తన కంట్లో వేసేవి ఆ కణాలు కావని మేస్త్రికి తెలుసు. కూతురు ఇచ్చినా, ఇవ్వకపోయినా తనకి పోయేదేమీ లేదు. అయినా దాహమని అడిగితే గ్లాసు పక్కకి జరిపినట్టుంది. సాయంత్రం, "నేనూ వస్తాను, ఆ రోజు," అన్నాడు.

మేడమీదకి సంగతి తెలిసి అక్క దిగివచ్చింది. "కరిగించడమూ చంపడమేగదే," అంది.

"నీ లెక్కలో అంతే అత్తా. నువ్వూ రా."

తిడుతుందనుకున్నారు. వచ్చింది.

సంతాన కేంద్రంలో ఆ గది చిన్నది, మసక వెలుతురుది. లోపలి గదిలో ఉక్కు పీపా మూత తీస్తే తెల్లటి పొగ నేలమీదికి పాకిందని కూతురు చెప్పింది. పీపాలో నుంచి తీసిన సన్నటి గొట్టాలను ల్యాబ్ అమ్మాయి గోరువెచ్చటి ద్రవంలో ముంచింది. మామూలుగా ఎవరికీ చూపించరట. కూతురు అడిగిన తీరుకి కాదనలేక సూక్ష్మదర్శినిలోది గోడమీద తెరకి కలిపింది. కూతురు తెర ముందు కూర్చుంది. మేస్త్రి ఎంత పక్కకి తిరిగినా బూడిదరంగు తప్ప ఏమీ చిక్కలేదు.

"అక్కా, ఏం కనబడుతోంది?"

అక్క లేచి తెర దగ్గరికి వెళ్ళింది.

"నలిపి పారేసిన కాగితం ఉండల్లా ఉన్నాయి," అంది. "మూడూ."

'మూడూ' అన్నానని ఆమెకి తెలియలేదు. మేస్త్రికి తెలిసింది, కూతురికీ తెలిసింది. ఎవరూ ఎత్తిచూపలేదు.

గంట గడిచింది. గదిలో ఏదో యంత్రం నిద్రపోతున్న పిల్లలా సన్నగా గురకపెడుతోంది.

"ఒకటి విచ్చుకుంటోందిరా. అంచుల్లోంచి వెలుగొస్తోంది... రెండోదీ. ఊపిరి తీసుకుని ఉబ్బినట్టు. మూడోది అలాగే ఉంది. అది రాదు." ముప్పై నాలుగేళ్ళ వార్డు గొంతు అది, ఎవరు నిలుస్తారో ఎవరు నిలవరో చూడగానే చెప్పే గొంతు.

"మనుషుల్లా ఉన్నాయా?"

"లేదు." తెరకి ఇంకా దగ్గరగా వంగింది. "లేదురా, దేని మాదిరిగానూ లేవు. అలాగని ఏమీ కానివాటిలానూ లేవు."

కూతురు అప్పుడు ఏడ్చింది. మేనత్త కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె తలని తన కడుపుకి ఆనించుకుంది. సాయంకాలం వరకు ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. వెలుగు తగ్గుతూ తగ్గుతూ తెరమీద ఆ రెండు బుడగలు ఎప్పుడు కదలడం మానేశాయో అక్క కూడా సరిగ్గా చెప్పలేకపోయింది.

చలికాలం పోయాక మేస్త్రి కుడికంటికి ఆ చికిత్స చేశారు. ఆసుపత్రి మంచం మీద పడుకుని అతను అడిగాడు, "అక్కా, నేను చేయించుకోవడం తప్పంటావా?"

"తప్పే. కాళ్ళు చాపు, దుప్పటి సర్దాలి," అంది అక్క.

కట్టు విప్పిన రోజు అద్భుతమేమీ జరగలేదు. నెలలు పట్టింది. పొగ పోలేదు గానీ అంచులు పలచబడ్డాయి. డాక్టరమ్మ గోడమీది అక్షరాల పటంలో మునుపు రెండు చదివేవాడు ఏడు చదివాడు. ముఖాలు పూర్తిగా రాలేదు. పిచ్చుకది ఒక కనుబొమ్మ, ముక్కు సగం, నవ్వితే విరిగిన పాలపన్ను, విడివిడిగా దొరికాయి. వాటిని అతనే తలలో అతికించుకునేవాడు. నీలం పూలు, రంగుల ఇటుకలు, తేలే అక్షరాలు కుడికంటి నుంచి వెళ్ళిపోయాయి. అవి పోయినందుకు దిగులేసిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం అతను లావు పెన్ను తీసుకుని, తెల్ల కాగితం మీద అరచేతంత అక్షరాలతో ఒక ఉత్తరం రాశాడు. ఏనాడో ఆ ఒక్క పిండాన్ని ఇచ్చిన దంపతులకి. పేరు ఎవరికీ తెలియదు, ఒక నంబరు ఉంది, కణాలు పంపిన ల్యాబుకి పంపిస్తే వాళ్ళు చేరవేస్తే చేరవేస్తారు, లేకపోతే లేదు అంది డాక్టరమ్మ. నాలుగు వాక్యాలకి మూడు కాగితాలు పట్టాయి. తన మనవరాలికి పాలపన్ను విరిగిందని, అది తాను చూశానని రాశాడు.

అక్కకిచ్చి తప్పులు చూడమన్నాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. ఒక చోట దీర్ఘం పెట్టింది. తరువాత పెన్ను దించకుండా, ఆఖరి కాగితం కింద మిగిలిన జాగాలో తన చిన్న అక్షరాలతో ఏదో రాయడం మొదలుపెట్టింది. రెండు వరసలు, మూడు. మేస్త్రి ముందుకి వంగాడు. కంటి కొసకి చీమల బారు తప్ప ఏమీ అందలేదు.

"ఏం రాస్తున్నావక్కా?"

"అది నీక్కాదు, ఆ ఇచ్చినావిడకి," అంది అక్క. కాగితాలు మడిచి కవరులో పెట్టి, నాలికతో తడిచేసి అంటించింది. "లే, చెప్పులేసుకో. నాలుగింటికి పోస్టు తీసేస్తారు."